చలనచిత్ర సంగీతకర్త బ్రదుకుతెరువు

మన పేటలలో తలిదండ్రులు పిల్లల భవిష్యత్తును గూర్చి ముచ్చటించుకొనునపుడు వైద్యుడు, ఇంజనీరు, బ్యాంకు ఉద్యోగి యను మాటలే తఱచుగా వినవచ్చును. హార్మోనియము ముందు కూర్చుండి గంటలు గడపు పిల్లవాని ప్రస్తావన వచ్చునప్పటికి సంభాషణ ఆగిపోవును. "పాట కట్టువాడు ఇల్లు కట్టునా?" యని యొక పెద్ద అడుగును, తక్కినవారు నవ్వుదురు. ఆ ప్రశ్న నవ్వులాటకు అడిగినదే యైనను నవ్వి త్రోసివేయదగినది కాదు. దానికి నమ్మదగిన సమాధానము కావలెనన్నచో ఆ వృత్తి ఎట్లు నడచునో, అందు మజూరి ఎట్లు ముట్టునో, పని ముగిసిన పిమ్మట చేసినవాని చేతిలో ఏమి మిగులునో తెలిసికొనవలెను. ఏ సంస్థయందును జీతగాడుగా కుదురుకొనక, కథాచిత్రములకును, డాక్యుమెంటరీలని మనము పిలుచుకొను యథార్థచిత్రములకును స్వతంత్రముగా సంగీతము సమకూర్చువాని జీవనమును ఇచ్చట వివరించుచున్నాను.

సంగీతకర్త యనగా పాటలకు వరుసలు కట్టువాడని సామాన్యముగా తలతుము. అది సగము మాట. చీర కొనునపుడు అంచును, కొంగును చూచి మెచ్చుకొందుము గాని, నడుమ నున్న వస్త్రమంతయు నేసిన చేతులను తలపము. రెండున్నర గంటల చిత్రమున పాటలు అరగంటకు మించి యుండవు. మిగిలిన రెండు గంటలలో కొన్నిచోట్ల మాటల వెనుక, కొన్నిచోట్ల మాటలు లేని తావులలో, కొన్నిచోట్ల మనకు వినబడుచున్నదన్న స్పృహయైనను లేకుండ, సంగీతము నడచుచుండును. దానినే నేపథ్య సంగీత మందురు. పాటలకును నేపథ్య సంగీతమునకును వేర్వేఱుగా జాతీయ పురస్కారము లిచ్చుట 2009వ సంవత్సరపు చిత్రములనుండి స్థిరపడినది. అనగా చాలకాలము ఈ పనికి ప్రత్యేకముగా పేరుకూడ లేకుండెను. యథార్థచిత్రములలో పాటలే యుండవు గనుక అందు పని యంతయు ఈ నడిమి నేతయే.

ఈ పని యెట్లు సాగును? చిత్రీకరణము ముగిసి, కత్తిరింపు పూర్తియైన పిదప దర్శకుడును సంగీతకర్తయు కూర్చుండి చిత్రమును మెల్లగా, ఆపుచు ఆపుచు చూతురు. ఎక్కడ సంగీతము ఆరంభింపవలెను, ఎక్కడ ఆగవలెను, ఎక్కడ అసలే యుండరాదు అను మూడు విషయములు ఆనాడు నిర్ణయమగును. మూడవదే కష్టమైనదని నా యభిప్రాయము. ఏడ్చుచున్న తల్లి ముఖము తెరపై కనబడగానే వయొలిన్లను మ్రోగింప నెవడైనను మ్రోగించును. అక్కడ ఊరకుండుటకు ధైర్యము కావలెను. అటుపిమ్మట ప్రతి ఘట్టమునకును కాలము లెక్కవేసి వ్రాసికొందురు. ఇన్ని నిమిషములు, ఇన్ని సెకండ్లు, అందు ఫలానా సెకండున తలుపు తెఱచుకొనును, ఫలానా సెకండున రైలు కూత వేయును అని.

ఇక్కడ గణితము ప్రవేశించును. మన పాఠశాల పిల్లలకు పనికివచ్చును గనుక ఒక లెక్కను పూర్తిగా చేసి చూపెదను. చలనచిత్రమున సెకండునకు 24 నిశ్చల చిత్రములు కంటి ముందు కదలును. నలువది సెకండ్ల ఘట్టమొకటి కలదనుకొందము. అందు 960 చిత్రములు. నిమిషమునకు 72 లెక్కల నడకలో, ఆదితాళమున ఒక వరుస కట్టితిమనుకొనుడు. ఒక్కొక్క లెక్కకు 20 చిత్రములు పట్టును. ఘట్టమంతటికి 48 లెక్కలు, అనగా ఎనిమిదేసి లెక్కల ఆవర్తనములు సరిగా ఆఱు. చక్కగా కుదిరినట్లే కనబడును. కాని ఆ ఘట్టమున 25వ సెకండు ముగియగానే తల్లి కుమారుని ఉత్తరము విప్పును. ఆ క్షణమునకు 30 లెక్కలు గడచియుండును. మూడు ఆవర్తనములు ముగిసి, నాలుగవదానిలో ఆఱు లెక్కలైన పిదప, అనగా ఏడవ లెక్కపై, ఉత్తరము తెఱచుకొనును. వినువాని చెవికి అది అర్ధాంతరముగా తోచును. ఉత్తరము సమముపై పడవలెనన్నచో ఆ 25 సెకండ్లలో 32 లెక్కలు పట్టవలెను. అప్పుడు నడక నిమిషమునకు 76.8 లెక్కలగును. నడకను ఆ కొలదిగా త్వరపెట్టిన నాలుగు ఆవర్తనములు నిండి, ఐదవదాని సమముపై కాగితము విప్పుకొనును. ప్రేక్షకునకు ఈ లెక్క యేమియు తెలియదు. గుండెలో ఏదో కలుక్కుమన్నదని మాత్ర మనుకొనును. ఆ కలుక్కుమనుటకు వెనుక భాగహార మున్నది.

మన యింటి ముంగిట జరుగు పనినే తీసికొని మఱియొక యుదాహరణము చెప్పెదను. సోలాపురపు చద్దరును గూర్చి ఎవరో పది నిమిషముల యథార్థచిత్రమును తీసిరనుకొందము. మరమగ్గము నిమిషమునకు 120 పేకపోగులు వేయుచున్నదనుకొనుడు. సెకండునకు రెండు దెబ్బలు. ఒక్కొక్క దెబ్బకు 12 చిత్రములు. బయటినుండి వచ్చిన సంగీతకర్తకు అది రొద. ఆ రొదను తగ్గించివేసి దానిపై తన వేణువును పెట్టుకొనును. మగ్గముల నడుమ పెరిగిన పిల్లవానికి అది రొద కాదు, నిద్రపుచ్చిన జోలపాట. అతడు దానిని తాళముగా గ్రహించును. నిమిషమునకు 60 లెక్కల నడక పెట్టిన రెండు దెబ్బలకొక లెక్కగా పాట మగ్గమును అనుసరించును. 80 లెక్కల నడక పెట్టినచో ఒక లెక్కకు 18 చిత్రములు. మగ్గము మూడు దెబ్బలు వేయులోపల పాట రెండు లెక్కలు నడచి, ప్రతి 36 చిత్రములకు ఒకసారి రెండును కలిసికొనును. విడిపోవుచు కలియుచుండు ఆ నడకలో యంత్రమునకును మనిషికిని గల సంబంధ మంతయు వినబడును. ఏ సంగీత కళాశాలలోను దొరకని ఈ పాఠము అశోక చౌకు ప్రక్క సందులలో పగలును రాత్రియు వినవచ్చుచున్నది. ఇక సంచె తెగినప్పుడో, విద్యుత్తు పోయినప్పుడో కార్ఖానాలన్నియు ఒక్కసారిగా ఆగుట మనమెఱుగుదుము. ఆ నిశ్శబ్దమున మజూరి పోవుచున్నదను భయ మున్నది. చిత్రమున ఆ నిశ్శబ్దము నెక్కడ నుంచవలెనో మన బిడ్డకు తెలిసినట్లు మఱియొకనికి తెలియదు.

యథార్థచిత్రమునందు సంగీతకర్తకు ఇంకొక నియమము కలదు. వ్యాఖ్యాత మాటలాడుచుండును గదా. ఆ కంఠమునకు చోటు విడిచి వాద్యములను పేర్చవలెను. కంఠస్వరపు ఎత్తుననే తీగవాద్యము మ్రోగినచో మాట మునిగిపోవును. అందుచేత మాటయున్నచోట మంద్రమున తంబురా వంటి నాదమునో, మిక్కిలి పైస్థాయిలో చిన్న గంటల మ్రోతనో వాడుదురు. మఱియు ఈ చిత్రములు పలు భాషలలో విడుదలయగును గనుక మాటల పట్టీని వేఱుగాను, సంగీతమును ఇతర ధ్వనులను వేఱుగాను భద్రపఱతురు. హిందీ వ్యాఖ్యానమును తీసివేసి తెలుగు వ్యాఖ్యానమును పెట్టవచ్చును, మరాఠీని పెట్టవచ్చును, సంగీతము మాత్రము అదే నిలిచియుండును. ఇంటిలో తెలుగు, వీథిలో మరాఠీ, అంగడిలో కన్నడము, హిందుస్తానీ వినుచు పెరుగు మన పిల్లలకు ఈ సంగతి వేఱుగా బోధింపనక్కఱలేదు.

భారత ప్రభుత్వము 1948లో బొంబాయిలో ఫిలిమ్స్ డివిజన్ అను సంస్థను స్థాపించెను. మన పెద్దలు టాకీసులకు పోయిన కాలమున అసలు చిత్రమునకు ముందు తప్పక చూచిన చిన్న చిత్రములు అధికభాగము ఆ సంస్థవే. అవి తెలుగుతో సహా అనేక భాషలలో విడుదలయగుచుండెను. 1925లో మద్రాసున జన్మించి, నాట్యబృందములలో పనిచేసి, పండిత రవిశంకరుని యొద్ద శిష్యరికము చేసిన వేణువాద్యకారుడు విజయరాఘవరావు ఆ సంస్థలో దీర్ఘకాలము సంగీతము సమకూర్చెను. మృణాల్ సేన్ తీసిన 'భువన్ షోమ్' (1969) చిత్రమునకును ఆయనయే సంగీతకర్త. 1970లో పద్మశ్రీ బిరుదము వచ్చెను. ఒక సంస్థ నీడన ఉండి, నెల తిరుగగానే జీతమందుకొనుచు, యథార్థచిత్రములకే జీవితములో పెద్ద భాగము వెచ్చించుట ఆనాడు సాధ్యమయ్యెను. ఫిలిమ్స్ డివిజన్ 2022లో జాతీయ చలనచిత్రాభివృద్ధి సంస్థలో విలీనము చేయబడినది. నేడు ఈ పనికి దిగువారిలో అత్యధికులు ఒక చిత్రమునకు ఒక ఒప్పందము చొప్పున పనిచేయువారే.

ఆ రవిశంకరుని సంగతియే యొకటి చెప్పవలెను. సత్యజిత్ రాయ్ తీసిన 'పథేర్ పాంచాలీ' (1955) సంగీతము ప్రపంచమంతట పేరు పొందినది. దానిలో అధికభాగము ఒక్క రాత్రిలో రికార్డు చేయబడెను. రవిశంకరుడు కచ్చేరీల నిమిత్తము తిరుగుచుండెడివాడు. దొరికినది ఆ రాత్రియే. 1961లో 'తీన్ కన్యా' మొదలుకొని రాయ్ తన చిత్రములకు తానే సంగీతము కూర్చుకొన నారంభించెను. ఎంతటి విద్వాంసునకైనను రెండవసారి పిలుపు వచ్చునన్న నమ్మకము ఈ వృత్తిలో లేదు. రవిశంకరునకు కచ్చేరీలు కలవు గనుక లోటు రాలేదు. కచ్చేరీలు లేనివాని మాట యేమి?

ఇప్పుడు మనవాడైన యొక సంగీతకర్త జీవితమును చూతము. పసుపులేటి రమేష్ నాయుడు 1933లో కృష్ణాజిల్లా కొండపల్లిలో జన్మించెను. బొమ్మలకు ప్రసిద్ధి కెక్కిన ఊరది. పిన్నవయస్సుననే ఇల్లు విడిచి బొంబాయి చేరెను. భాష రాని నగరమున వాద్యములను వెదకికొనుచు పోయి, మరాఠీ చిత్రసీమలో కాలూనెను. అతడు సంగీతము కూర్చిన తొలి చిత్రము తెలుగు చిత్రము కాదు, 'భాండవల్ పాహిజే' అను మరాఠీ చిత్రము. ఆ పేరునకు అర్థము సోలాపురము తెలుగువారికి ఎవరును చెప్పనక్కఱలేదు. పెట్టుబడి కావలెనని వెదకుచు ఈ యూరికి వచ్చినవారి సంతతివారమే గదా మనము. చేతిలో కాసు లేని తెలుగు బాలునకు మొదటి పని ఆ పేరుగల చిత్రమున దొరకుట వింతయే.

1957లో 'దాంపత్యము' చిత్రముతో తెలుగునకు వచ్చెను. 1959లో 'మనోరమ' చిత్రమునకు హిందీ గాయకుడు తలత్ మహమూదుచేత తెలుగు పాటలు పాడించెను. బొంబాయి పరిచయము ఆ విధముగా తెలుగునకు పనికివచ్చెను. అయినను మద్రాసున అతనికి నిలుకడ చిక్కలేదు. కలకత్తాకు పోయి సుమారు పది సంవత్సరములు అచటనే యుండి బెంగాలీ చిత్రములకు పనిచేసెను. ఒక వృత్తికారుని జీవితమున పది సంవత్సరము లనగా ఎంత!  1972లో 'అమ్మ మాట', 'తాత మనవడు' చిత్రములతో తిరిగివచ్చి, 'శివరంజని' (1978), 'ఆనంద భైరవి' (1983), 'శ్రీవారికి ప్రేమలేఖ' (1984) మున్నగు చిత్రములకు సంగీతము కూర్చెను. 'మేఘసందేశము' (1982) అతనికి ఉత్తమ సంగీత దర్శకునిగా జాతీయ పురస్కారమును, అందు పాడిన యేసుదాసునకును, పి. సుశీలకును ఉత్తమ గాయనీగాయక పురస్కారములను తెచ్చెను. ఆ చిత్రమున జయదేవుని అష్టపదులును, దేవులపల్లి కృష్ణశాస్త్రి గీతములును, వేటూరి పాటలును ప్రక్కప్రక్కనే యుండును. మూడు కాలముల భాషను ఒక్క నేతలో కలుపుట సామాన్యము కాదు. 'స్వయంకృషి' విడుదలయైన 1987లోనే అతడు కన్నుమూసెను. అప్పటికి 54 సంవత్సరములు నిండలేదు.

బొంబాయి, మద్రాసు, కలకత్తా, మరల మద్రాసు. ఈ త్రోవను మన పెద్దలు కరీంనగరము, వరంగల్లు, నల్లగొండ ప్రాంతములనుండి మగ్గమెక్కడ నున్న అక్కడికి నడచివచ్చిన త్రోవతో పోల్చి చూడుడు. పని పిలిచిన చోటికి పోవుటయే రెండింటను ఉన్నది. ఐతే నేతగాడు కుటుంబముతో, కులముతో వచ్చెను. తరువాత గుడి కట్టుకొనెను, బడి పెట్టుకొనెను. సంగీతకర్త ఒంటరిగా పోవును.

భాషలు దాటుట నేటికిని ఈ వృత్తికి జీవనాడియే. ఎం. ఎం. కీరవాణి తెలుగున ఆ పేరుతోను, తమిళమున మరగతమణి యనియు, హిందీలో ఎం. ఎం. క్రీమ్ అనియు మూడు పేర్లతో పనిచేసెను. తెలుగు 'అన్నమయ్య' (1997)కు జాతీయ పురస్కారము పొందినవాడును, హిందీ 'జఖ్మ్' (1998)కు వరుసలు కట్టినవాడును ఒక్కరేయని మన మరాఠీ మిత్రులకు చెప్పిన ఆశ్చర్యపడుదురు. 2023 మార్చిలో 'ఆర్.ఆర్.ఆర్.' చిత్రములోని పాటకు ఆస్కారు బహుమానము కీరవాణికిని, గీతకర్త చంద్రబోసునకును కలిసి వచ్చినది ప్రపంచమెఱుగును. అతడు 1980లలో సంగీత దర్శకుడు చక్రవర్తి యొద్ద సహాయకుడుగా కుదురుకొని పని నేర్చినవాడన్నది మాత్రము పలువురు మఱతురు. మన పట్టణమున పుట్టి చైనాలో అసువులు బాసిన డాక్టరు ద్వారకానాథ్ కోట్నీసు కథను వి. శాంతారాం 1946లో చిత్రముగా తీసినపుడు సంగీతము కూర్చిన వసంత దేశాయియు ప్రభాత్ సంస్థలో చిన్నచిన్న పనులు చేయుచు పైకి వచ్చినవాడే. ఆడుబిడ్డల తలిదండ్రులు ఇది మగవారి త్రోవయని యనుకొనవలదు. భానుమతి 'చక్రపాణి' (1954)కిని, పి. లీల 'చిన్నారి పాపలు' (1968)కును సంగీత దర్శకులు.

ఇక రొక్కపు సంగతి. ఈ వృత్తిలో నేడు సాధారణమైన ఏర్పాటు 'ప్యాకేజీ' యనబడును. నిర్మాత ఒక మొత్తము నిచ్చును. వాద్యకారుల కూలి, స్టూడియో అద్దె, శబ్దమిశ్రణము చేయువాని ప్రతిఫలము అన్నియు అందులోనుండియే సంగీతకర్త చెల్లించి, మిగిలినది తాను తీసికొనవలెను. మాటవరుసకు అరగంట యథార్థచిత్రమునకు 1,50,000 రూపాయలకు ఒప్పందమైనదనుకొందము. ఇది ఊహాలెక్క మాత్రమే. వాద్యకారులకును స్టూడియోకును 70,000, మిశ్రణమునకు 25,000, ప్రయాణములు మున్నగువానికి 10,000. మిగులునది 45,000. పని రెండు నెలలు పట్టినచో నెలకు 22,500. మొదట బయానాగా కొంత ముట్టును. తుది వంతు చిత్రము ఆమోదము పొందిన పిమ్మట వచ్చును. దర్శకుడు మనస్సు మార్చుకొని ఒక ఘట్టమును మరల కత్తిరించినచో లెక్కలన్నియు తాఱుమాఱై రికార్డింగు మరల చేయవలసివచ్చును. ఆ రెండవ ఖర్చు ఎవరిదో ఒప్పందమున వ్రాసికొనకున్న సంగీతకర్త నెత్తిపై పడును. అటుపై మూడు నెలలు పిలుపు రాకపోవచ్చును. వేయింటికి ఇంతయని బీడీలు చుట్టి ఇల్లు గడపు మన తల్లులకు, ఆకు రాని వారము ఎట్లుండునో తెలియును. అటువంటిదే యిది, వారమునకు బదులు ఋతువు.

అంతకంటె ముఖ్యమైనది హక్కుల విషయము. ఇక్కడ నేను కొంచెము ఆగి చెప్పెదను. ఏలన సంగీతకర్త ఇల్లు కట్టునా కట్టడా యనునది తుదకు దీనిపై ఆధారపడియున్నది. సేటు నూలిచ్చి నేయించిన బట్ట సేటుది, నేతగానికి మజూరి. ఆ బట్ట పదింతల వెలకు అమ్ముడుపోయినను మజూరి పెరుగదు. 1957 నాటి కాపీరైటు చట్టమును వ్యాఖ్యానించుచు, 1977లో సుప్రీము కోర్టు సంగీతకర్తల విషయమునను ఇంచుమించు ఇట్లే తీర్పు చెప్పెను. నిర్మాత ప్రతిఫలమిచ్చి చిత్రముకొఱకు చేయించుకొన్న సంగీతమునకు, విరుద్ధమైన ఒప్పందము లేనప్పుడు, నిర్మాతయే తొలి హక్కుదారుడని దాని సారాంశము. ఆ వ్యాజ్యమున ఓడినది 1969లో సంగీత, సాహిత్యకర్తలకై ఏర్పడిన ఇండియన్ పెర్ఫార్మింగ్ రైట్ సొసైటీ. న్యాయమూర్తులలో నొకరైన వి. ఆర్. కృష్ణయ్యర్ ఆ తీర్పుతో ఏకీభవించుచునే, పాడినవానికి చట్టమున ఏ హక్కును లేకుండుటను గూర్చి విచారము వెలిబుచ్చి, ఆ లోపమును పార్లమెంటు దృష్టికి తెచ్చెను.

పార్లమెంటు కదలుటకు మఱి 35 సంవత్సరములు పట్టెను. 2012 నాటి సవరణ చట్టము ప్రకారము, సంగీతకర్తయు గీతకర్తయు తమ హక్కులను నిర్మాతకు వ్రాసి ఇచ్చినను, సినిమాహాలులో చిత్రముతో పాటు కాక వేఱు విధముగా ఆ పాట వాడబడినప్పుడెల్ల, రేడియోలో కాని, టెలివిజనులో కాని, ఫోనులో కాని, వచ్చు రాయల్టీలో సమానభాగము పొందు హక్కు వారికి నిలిచియుండును. ఆ హక్కును వదలుకొందునని కాగితముపై సంతకము చేయించుకొన్నను అది చెల్లదు. నేసిన బట్ట అమ్ముడుపోయిన ప్రతిసారియు నేతగానికి కొంత ముట్టవలెనని శాసనము చేసిన యెట్లుండునో అట్టిది ఈ మార్పు. కర్త మరణించిన పిమ్మట 60 సంవత్సరములవఱకు సంగీతరచనపై కాపీరైటు నిలుచును. అందుచేత రమేష్ నాయుడు రచనలపై అది 2047వ సంవత్సరాంతమువఱకు ఉండును. ఐతే దాని యజమాని ఎవరనునది ఆయా చిత్రముల పాత ఒప్పందములను బట్టి తేలవలసిన చిక్కు. రాయల్టీ దానంతట అది ఇంటికి రాదు. సొసైటీలో సభ్యత్వము తీసికొని ప్రతి రచనను నమోదు చేయించుకొనవలెను. చిత్రపు పేర్ల పట్టికలో తన పేరు సరిగా పడినదో లేదో చూచుకొనవలెను. అర్థము కాని భాషలో నున్న ఒప్పందముపై సంతకము చేయరాదు. మన పిల్లవానికి స్వరజ్ఞానముతో పాటు ఈ జ్ఞానము లేకున్న మజూరితోనే సరిపెట్టుకొనును.

యంత్రపు మాట కూడ చెప్పక తప్పదు. చేతిమగ్గమును మరమగ్గము త్రోసివేయుట మన తాతలు కన్నులార చూచిరి. స్టూడియోలలోను అదియే జరిగినది. ఒకప్పుడు నలువదిమంది వాద్యకారులు ఒక్కచోట కూర్చుండి వాయించిన పనిని నేడు ఒక్కడు కంప్యూటరు ముందు, కీబోర్డుతో, ముందే రికార్డు చేసి యుంచిన వాద్యధ్వనులతో చేయుచున్నాడు. దీనివలన పెట్టుబడి తగ్గి, పేదయింటి పిల్లవానికిని తలుపు తెఱచుకొన్నది నిజమే. ఐతే వయొలిన్, సితారు, షెహనాయి పట్టుకొని ఆ స్టూడియోలను నమ్ముకొన్న ఎన్నో కుటుంబములకు పని తగ్గినదియు నిజమే. మొదటిదానిని మెచ్చుకొనుచు రెండవదానిని మఱచుట నేతగాండ్ర సంతానమునకు తగదు. ఇప్పుడు మాటలతో ఆజ్ఞాపించిన సంగీతమును తానే పుట్టించు యంత్రములును వచ్చినవి. తక్కువ ఖర్చుతో తయారగు ప్రచారచిత్రములలో మనుష్యునికి పని తగ్గును. మగ్గపు దెబ్బకు మూడింటికి రెండుగా లెక్క కట్టవలెనని తనకు తానుగా తోచినవానికి పని యుండునని నమ్మకము. ఇది నమ్మకమే గాని ప్రమాణము కాదు.

మఱి తలిదండ్రులేమి చేయవలెను? పిల్లవాని చేతినుండి హార్మోనియము లాగివేయవలదు. వానిని చదువు మాన్పించి ముంబయి రైలెక్కింపనువలదు. అఖిల భారతీయ గాంధర్వ మహావిద్యాలయ మండలివారి పరీక్షలు, ప్రారంభిక మొదలు విశారద వఱకు, మహారాష్ట్రమున ఊరూర జరుగుచున్నవి. బడి చదువుతో పాటు అవి వ్రాయవచ్చును. పూనాలోని చలనచిత్ర, టెలివిజను శిక్షణాలయమున, 1960లో స్థాపింపబడినది, శబ్దగ్రహణమును ప్రత్యేక విద్యగా బోధింతురు. సంగీతకర్తగా పిలుపు రాని నెలలలో శబ్దగ్రాహకుడుగా కడుపు నిండును. అందుచేత ఈ రెండవ విద్యను నేను గట్టిగా చెప్పుదును. ఇరువది యైదేండ్ల వఱకు సహాయకుడుగా మఱియొకని యొద్ద పనిచేయుటకు సిగ్గుపడరాదు. మగ్గముపై కూర్చుండుటకు ముందు కండెలు చుట్టనివాడు మన యిండ్లలో నున్నాడా?

ఈ వ్యాసము చదివిన తలిదండ్రులు పిల్లలచేత రెండు పనులు చేయింపవచ్చును. ఇంటిలో టెలివిజనుపై ఏదేని చిత్రము వచ్చుచున్నపుడు ఐదు నిమిషములు తెరవైపు వీపు పెట్టి కూర్చుండి వినుమనుడు. సంగీతము ఎక్కడ మొదలయ్యెను, ఎక్కడ ఆగెను, ఏ వాద్యము మాటకు చోటిచ్చెను, కాగితముపై వ్రాయుమనుడు. రెండవది, ప్రక్క కార్ఖానాలో మగ్గము నడచుచున్నపుడు గడియారము చేతపట్టుకొని నిమిషమునకు ఎన్ని దెబ్బలో లెక్కింపుమనుడు. సెకండునకు 24 చిత్రముల చొప్పున ఒక్కొక్క దెబ్బకు ఎన్ని చిత్రములో తేల్చుమనుడు. ఆ పిమ్మట తనకు వచ్చిన ఏదేని పాటను ఆ దెబ్బకు సరిపడునట్లు చేతితో తాళము వేయుచు పాడుమనుడు. ప్రక్క మగ్గము మఱియొక వేగమున నడచుచుండును. దానితో కలియదు. ఎన్ని దెబ్బలకొకసారి రెండును కలిసికొనునో కనుగొన్న పిల్లవాడు దానిని వ్రాసి తెచ్చి సంగీతోపాధ్యాయునకు చూపవలెను.